పసుపు పీలిక

చోడవరం,
18-2-1973, ఆదివారం.

చి.ల.సౌ. నూకరత్నానికి తాతబ్బాయి దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, అమ్మా, మన చిన్నతల్లీ ముగ్గురం బాగున్నాం. ఆ ఢిల్లీ చలిలో నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఈ ముక్క ఇన్నాళ్ళూ చేతి అలవాటుగా రాసేసేవాణ్ణి. ఈసారి కలం పక్కన పెట్టి, పెరట్లోకి వెళ్ళి, అమ్మ పక్కన కూర్చుని ఉలవలు ఏరుతున్న చిన్నతల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూసి వచ్చి మరీ రాశాను. కాబట్టి నమ్ము. ఇకపైన రాసేవాటిలో నీకు కోపం తెప్పించేవి ఉన్నాయి. నిలబడి చదవకు, కూర్చుని చదువు.

నీ ఉత్తరం పదో తేదీన అందింది. చాలా అడిగావు. తేలికైనవాటికి ముందు జవాబు రాసేస్తాను. కష్టమైనవి వెనక్కి నెట్టడం నా బుద్ధి అని నువ్వే అంటావు కదా.

అమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన ఉన్ని తొడుగులు వేసుకోమంటే, "మేజోళ్ళేసుకుని బజారుకెల్తే జనం నవ్వరేటి?" అని పెట్టెలో దాచేసింది. రాత్రిపూట వేసుకోవచ్చు కదా అంటే, అప్పుడు ఎవరూ చూడరు కాబట్టి వేసుకుని ప్రయోజనం ఏమిటంది. ఆవిడతో నువ్వే పడగలవు. మాడుగుల హల్వా మీ హాస్టల్లో పంచావని, గోధుమ పాలతో చేసిందంటే ఆ పంజాబీ అమ్మాయి నమ్మలేదని రాశావు. అది విని అమ్మకి ఎంత గర్వమో. తనే చేసి పంపినట్టు వీధంతా చెప్పింది.

ఫ్యాక్టరీలో క్రషింగ్ జోరుగా ఉంది. చెరకు బండ్లు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేస్తున్నాయి. ఈ ఏడు రేకు బిళ్ళలకి కొత్తగా ఎర్రరంగు వేయించారు. యార్డులోకి వచ్చిన ప్రతి బండికీ బిళ్ళ కట్టాలి, బిళ్ళ నంబరు అడగకుండా ఒక్క బండిని కూడా కాటా ఎక్కించకూడదు. లేకపోతే ఒకరి చెరకు తూకం ఇంకొకరి పేర రాసేస్తాం, రైతులు మా పీకలు పట్టుకుంటారు. రోజుకి రెండు మూడు వందలసార్లు "బిళ్ళెంత?" అని అరుస్తున్నాను. మొన్న అమ్మ అన్నం వడ్డిస్తుంటే కూడా "బిళ్ళెంత?" అన్నానట.

మీ క్లాసు సంగతులు రాసిన పేజీ అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. రోగి గేటు దాటిన దగ్గర్నుంచి డాక్టరు చెయ్యి పట్టుకుని చూసేదాకా ఎన్ని నిమిషాలు పడుతుందో వాచీ పెట్టుకుని రాయిస్తున్నారనీ, ఒక దుప్పటి చాకిరేవు నుంచి మంచం మీదికి వచ్చేలోగా ఎన్ని చేతులు మారుతుందో లెక్క పెట్టిస్తున్నారనీ రాశావు కదా. అమ్మ శ్రద్ధగా విని, "డాకటేరు సదువూ కాదు, నరుసు సదువూ కాదు. దుప్పట్లు లెక్కెట్టడానికి ఢిల్లీ ఎల్లాలేటిరా? మన సాకలి అచ్చియ్యమ్మనడిగితే సెప్పేదే" అంది. నేను గట్టిగా నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

కాటా దగ్గర ఇంకా మాటలు పడుతున్నాను. మన రైతుల ఆస్పత్రి కమిటీ నీ ఫీజు కోసం టన్ను చెరకుకి ఐదు పైసలు పట్టుకుంటోంది కదా. నువ్వు వెళ్ళినప్పుడు ఎవరూ కిక్కురుమనలేదు. ఇరవై మంచాల ఆస్పత్రి కట్టుకున్నాం, నడిపే మనిషి కావాలి, నూకరత్నం మన ఊరి నర్సే కదా అన్నారు. ఇప్పుడు ఆ ఐదు పైసలు చీటీలో కనబడేసరికి నాలుకలు లేస్తున్నాయి. వడ్డాది దాసు ఉన్నాడే, బండి తోలుకొచ్చిన ప్రతిసారీ చీటీ అందుకుంటూ, "ఏటి బాబూ, మా అయిదు పైసలు బాగా సదువుతున్నాయా? ఎన్నో క్లాసుకొచ్చేయి?" అంటాడు. వెనక బండ్ల వాళ్ళు పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వినట్టు నటించి, తర్వాతి బండి బిళ్ళ అడుగుతాను.

రత్నం, నువ్వు లేకపోతే నాకు బాగోలేదు. పెళ్ళయిన ఏడేళ్ళలో ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. డ్యూటీ దిగి ఇంటికి రావడానికి బజారు దారి దగ్గరని నీకు తెలుసు. నేను మాత్రం ఇప్పటికీ ఆస్పత్రి సందులోంచే వస్తున్నాను. నువ్వు గేటు దగ్గర చెప్పులు విప్పి, కాళ్ళకి నీళ్ళు పోసుకుని, నా సైకిలు వెనక ఎక్కేదానివి కదా. గంజి పెట్టిన తెల్లచీర వెనక చక్రంలో పడుతుందని కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని, దారంతా మంచాలూ మందులూ చెప్పేదానివి. సగం వినేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆ గేటు దగ్గర ఒక కాలు నేల మీద పెట్టి ఆగుతాను. ఎవరైనా చూస్తే చెయిన్ ఊడిపోయినట్టు వంగి చూసి, మళ్ళీ తొక్కుకుంటూ వస్తాను. గేటు దగ్గర కూర్చునే ముసలివాడు మొన్న, "బాబూ, రోజూ ఇక్కడే ఊడిపోతాదేటి ఆ సైను?" అన్నాడు.

చిన్నతల్లి నీ ఫోటోతో మాట్లాడడం మానేసింది. మొదట్లో అన్నం ముద్ద ఫోటోకి చూపించి తినేది. ఇప్పుడు తెల్లచీర ఎవరు కట్టుకున్నా అమ్మా అంటోంది. సంక్రాంతి ముందు చీడికాడ బస్సులో ఎవరో ముసలావిడ తెల్లచీరలో ఉంటే, వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుంది. ఆవిడ కూడా పొమ్మనలేదు. దిగేదాకా తల నిమురుతూనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇది నిన్ను బాధ పెట్టాలని రాయడం లేదు. దీని సంగతి ముందు చెప్పకపోతే తర్వాతది నీకు అర్థం కాదు.

ఇంక తప్పదు. నువ్వు అడిగిన కష్టమైన ప్రశ్నలు మూడే. కాలేజీ ఫారం అందిందా? చిన్నతల్లి దగ్గూ జ్వరమూ తగ్గాయా? ఆస్పత్రిలో పిల్లలకి పీలికలు ఇంకా కడుతున్నారా? మూడూ వేరువేరు అనుకుని అడిగావు. నాకిక్కడ మూడూ ఒకటే అయి కూర్చున్నాయి.

ఫారం జనవరి ఇరవై నాలుగునే అందింది. ఉద్యమం గొడవల్లో రైళ్ళు ఆగిపోతున్నాయి, టపా సరిగా రావడం లేదు, నీ ఫారం ఏ స్టేషన్లో పడి ఉందో అని నీకు రాశాను చూడు, అది అబద్ధం. రైళ్ళు ఆగిన మాట నిజమే. నీ కవరు మాత్రం ఎలా వచ్చిందో గానీ వచ్చేసింది. పన్నెండు మందిలో ఇద్దరినే రెండో ఏడాదికి ఉంచుకుంటున్నారని, అందులో నువ్వొకదానివని, ఆ ఏడాది ఫీజు కాలేజీయే భరిస్తుందని, భర్త సంతకంతో ఫారం ఈ నెలాఖరులోగా చేరాలని అంతా చదివాను. కమిటీ ప్రెసిడెంటు బంగార్రాజు గారికి చెబితే ఆయన, "ఏడాది ఆగుతాం తాతబ్బాయ్. ఆవిడ ఎంత నేర్చుకుంటే మనకంత మంచిది. ఇంక నీ యిష్టం" అన్నారు. అంటే అడ్డం ఇంకెవరూ లేరు, నేనే. ఆ ఫారం తెచ్చి పాత పంచాంగంలో పెట్టేశాను.

ఎందుకని అడుగుతావు. జూన్‌లో వస్తావు, జూన్‌లో వస్తావు అనుకుంటూ రోజులు వెళ్ళదీస్తున్నవాణ్ణి. ఇంకో జూన్ దాకా అనేసరికి ఓర్చుకోలేకపోయాను. అదొక్కటే కాదు, ఇంకోటి ఉంది, రాయడానికి చిన్నతనంగా ఉంది. రెండేళ్ళు చదివితే ఏ పట్నంలోనో పెద్ద ఆస్పత్రి వాళ్ళు నీకు కుర్చీ వేస్తారు. నేను కాటా గుమాస్తాని. నీ ఉత్తరాల్లో ఇంగ్లీషు మాటలు ఎక్కువైపోతున్నాయి. కొన్నింటికి ఆఫీసులో డిక్షనరీ తీసి చూస్తున్నాను. ఎవరైనా ఏమిటంటే ఫ్యాక్టరీ కాగితం అంటున్నాను. పెళ్ళాం ఉత్తరానికి డిక్షనరీ చూసే మొగుడు ఈ తాలూకాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఈ నెల ఎనిమిదో తేదీన ఇంకా తెలివితక్కువ పని చేశాను. తంతి ఆఫీసుకి వెళ్ళి టెలిగ్రాం ఫారం తీసుకుని, "మదర్ సీరియస్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని నీ అడ్రసు రాసి కిటికీలోకి తోశాను. ఊళ్ళో అందరూ చేసేదే కదా, మనిషి వస్తే తర్వాత ఏదో చెప్పుకోవచ్చు అనుకున్నాను. నువ్వు వస్తే మళ్ళీ వెళ్ళలేవని నాకు తెలుసు. చిన్నతల్లి నీ కొంగు పట్టుకుంటే ఎలా వెళతావు? అదే నా ఆలోచన. ఇంత స్పష్టంగా ఆ రోజు నాకు నేనే చెప్పుకోలేదు.

కిటికీలో కూర్చున్నవాడు మన పరదేశే. పెన్సిలుతో మాటలు లెక్కపెట్టబోతూ ఆగిపోయాడు.

"ఎవులి మదరు?" అన్నాడు.

"మా అమ్మే."

"అసిరమ్మత్తా? ఇప్పుడే గదరా మా అరుగు మీద కూకుని ఎండు నెత్తళ్ళు బేరమాడింది. పావలాకి రానన్నాదని సేపలదాన్ని నాలుగు తిట్లు తిట్టి మరీ ఎల్లింది. సీరియస్సయితే ఆ సేపలదానికవ్వాలి గానీ మీయమ్మకేటి?"

నా వెనక ఇద్దరున్నారు. వాళ్ళు నవ్వుతుంటే నాకు చెవులు కాలిపోయాయి. పరదేశి మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి, "డబ్బులు కడితే పంపాల్సిందే, నా ఉజ్జోగవది. కానీ ఒరే, ఆ గుంట రెండ్రోజులు రైల్లో అన్నం నీళ్ళు లేకుండా అత్తకేటయిపోనాదో అని ఏడుసుకుంటూ వస్తాది. ఒకపాలి ఆలోసించుకో. సాయంత్రం దాకా ఈ కిటికీ తెరిసే ఉంటాది" అని కాగితం వెనక్కి ఇచ్చాడు.

తీసుకుని వచ్చేశాను. చింపలేదు రత్నం. మడిచి జేబులో పెట్టుకున్నాను, రేపు పంపుదాంలే అని. ఆ చొక్కా విప్పి ఇంకోటి తొడిగినప్పుడల్లా ఆ కాగితాన్ని కూడా మార్చుకుంటూ నాలుగు రోజులు తిరిగాను.

పన్నెండో తేదీ సోమవారం. చిన్నతల్లికి దగ్గు ఎక్కువైంది, ఒళ్ళు మళ్ళీ వెచ్చబడింది. పూట సెలవు పెట్టి అమ్మనీ దాన్నీ రిక్షాలో మన ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మొదటే రాసేస్తున్నాను, ఇప్పుడు అది బాగానే ఉంది. నుదురు ముట్టుకుని చూసి వచ్చి రాశానని చెప్పాను కదా. అది గుర్తు పెట్టుకుని మిగతాది చదువు.

అక్కడ పీలికలు కట్టడం అక్టోబరులోనే మానేశారు. నీకు రాయలేదు, నొచ్చుకుంటావని. ఎవరో పెద్దమనిషి ఆస్పత్రి చూడ్డానికి వచ్చి, పిల్లల మణికట్లకి ఎర్రవీ పచ్చవీ గుడ్డ పీలికలు చూసి, "ఇదేమిటి, ఆస్పత్రా, తీర్థమా?" అన్నాడట. మర్నాటికి అన్నీ విప్పేశారు. మన వైపు ఇంటికో చిన్నతల్లి, వీధికో అప్పలనరసమ్మ. పేరు పెట్టి పిలిస్తే ముగ్గురు లేస్తారు, అంకెలు వేస్తే చదవలేరు, అందుకే పిల్ల చేతికి ఒక రంగు, మందు చీటీకి అదే రంగు అని నువ్వు చెప్పినప్పుడు నేను సైకిలు తొక్కుతూ ఊఁ కొట్టాను. మా బండ్ల బిళ్ళలు చూసే ఆ ఆలోచన వచ్చిందన్నావు. అదీ విని ఊఁ కొట్టాను.

వరండాలో బెంచీ మీద అమ్మ ఒళ్ళో చిన్నతల్లి ఉంది. నేను చీటీ రాయించడానికి కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. నీ చోట్లోకి వచ్చిన నర్సు కనకమహాలక్ష్మి, ఇరవై ఏళ్ళ పిల్ల, లోపలి గది గుమ్మంలోకి వచ్చి "చిన్నతల్లీ!" అని పిలిచింది.

తెల్లచీర కదా. మన పిల్ల అమ్మ ఒళ్ళోంచి దూకి, "అమ్మా" అంటూ పరిగెత్తి ఆ నర్సు మోకాళ్ళు వాటేసుకుంది. ఆ పిల్ల నవ్వి, ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. అమ్మ బెంచీ మీదున్న వాళ్ళందరికీ వినబడేలాగ, "సూసేరా, సూదంటే మా గుంట ఏడవదు. నరుసు కూతురు గదా" అంది. నేను కిటికీ దగ్గర్నుంచి అంతా చూశాను. చూసి సంతోషపడ్డాను రత్నం. పాపం ఏడవకుండా వెళ్ళింది, మన పని తొందరగా అయిపోయింది అనుకున్నాను.

నా వంతు వచ్చింది. "పేరు చిన్నతల్లి, వయసు నాలుగున్నర. లోపలికి పిలిచేశారు కూడా" అన్నాను. చీటీలు రాసేవాడు తలెత్తి, "ఎలా పిలుస్తారండీ? మీ గుంటకింకా సీటీయే రాయలేదు గదా?" అన్నాడు.

అప్పుడే నా వెనక నుంచి ఒకావిడ పదేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని లాక్కొస్తూ, "మా సిన్నతల్లిని పిలిసినట్టున్నారు బాబూ. నీళ్ళు తాగించడానికి నుయ్యికాడికెల్లేను" అంది. వడ్డాది దాసు పెళ్ళాం అప్పలనరసమ్మ.

నేను లోపలికి పరిగెత్తేసరికి నర్సు సూది తీసి దూది అద్దుతోంది.

పెన్సిలిన్ అది. పదేళ్ళ పిల్లకి రాసిన మోతాదు. చూస్తుండగానే మన పిల్ల ఒంటి మీద దద్దుర్లు లేచాయి, కళ్ళు వాచి మూసుకుపోయాయి, ఊపిరి తీస్తే పిల్లికూతలు. కనకమహాలక్ష్మి కేకకి డాక్టరు గారు సగం తిన్న చేత్తోనే వచ్చారు. విరుగుడు సూది వేశారు, ఇంకేవో వేశారు. నేను దాని పాదాలు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. పాదాలు తప్ప నాకు ఖాళీ దొరకలేదు. అమ్మ గోడకి చేరగిలబడి, "నా నోటితో నానే పంపించేనురా, నా నోటితో నానే" అని తల బాదుకుంటోంది. రెండున్నరకి ఊపిరి సర్దుకుంది. మూడింటికి కళ్ళు సగం తెరిచి, నన్ను చూసి, "అమ్మ ఎల్లిపోనాదా?" అంది.

నేను దుప్పటి దాని మెడదాకా లాగాను.

డాక్టరు గారు రాసిన మందు సరైనదే. నర్సు సూది వేసిన తీరూ సరైనదే. మందు మంచిదే, దాసు కూతురికి అదే మందుతో మర్నాటికి జ్వరం దిగింది. ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశారు. డాక్టరు చీటీకీ పిల్ల చేతికీ మధ్యనున్న నాలుగడుగుల చోటు ఎవరి పనీ కాదు, అంతే. ఆ నాలుగడుగుల కోసమే నువ్వు అంత దూరం వెళ్ళి వాచీ పట్టుకుని నిలబడ్డావని అప్పుడు తెలిసింది నాకు. రోజుకి మూడు వందల బండ్లని "బిళ్ళెంత?" అని అడిగేవాణ్ణి, చెరకు మోపుని ఎవరిదో తెలియకుండా కదలనివ్వనివాణ్ణి, నా కూతుర్ని తీసుకుపోతుంటే "ఏ చిన్నతల్లి?" అని ఒక్క ముక్క అడగలేదు. కనకమహాలక్ష్మి ఏడుస్తూ, "అక్కుంటే ఇలాటిది జరగదండి" అంది. ఆమెని ఏమీ అనకు, ఎవరికీ రాయకు. ఆమె పిలిచింది, వెళ్ళనిచ్చింది నేను.

ఆ సాయంత్రమే జేబులో కాగితం చింపేశాను. అమ్మకి అన్నీ చెప్పేశాను, తంతి సంగతి కూడా. కొడుతుందేమో అనుకున్నాను. "నన్ను సంపేసేవేటిరా, పావలాకి నెత్తళ్ళు రాలేదని సేపలదాంతో తగువాడుతున్నదాన్ని?" అంది. తర్వాత పెట్టె తీసి, తన పాత చీరలు నాలుగు బయటికి లాగి, కూర్చుని పీలికలు చింపడం మొదలుపెట్టింది. ఎర్రవి ఒక కుప్ప, పచ్చవి ఒక కుప్ప, పసుపువి ఒక కుప్ప. చింపుతూ చింపుతూ, "అయితే దుప్పట్లు లెక్కెట్టడవంటే ఇదేనేటిరా?" అంది.

బంగార్రాజు గారి దగ్గరికి ఆ మూట పట్టుకుని నేనే వెళ్ళాను. ఆయన ఎవరినీ అడగలేదు. "కట్టించు. తీర్థమంటే తీర్థమే" అన్నారు. గురువారం నుంచి మళ్ళీ కడుతున్నారు. ఆ రోజు మన పిల్లని ఇంకోసారి చూపించడానికి తీసుకెళితే దాని చేతికీ పసుపుది కట్టారు. ఇదీ నీ మూడో ప్రశ్నకి జవాబు.

బుధవారం దాసు బండి తోలుకొచ్చాడు. తూకం అయింది, చీటీ ఇచ్చాను. ఐదు పైసల మాట ఎత్తుతాడేమో అని తల దించుకుని ఉన్నాను. కదలడే. "ఆ సూది మా గుంటదట గదా బాబూ" అన్నాడు. అవునన్నాను. వెనక బండ్ల వాళ్ళు అరుస్తున్నారు. ఎద్దుల మీద చెయ్యి వేసి, "సదవనీ బాబూ. ఆయమ్మని మొత్తం సదవనీ" అని తోలుకుపోయాడు.

నిన్న పంచాంగంలోంచి ఫారం తీశాను. సంతకం పెట్టే చోటు తేలిగ్గానే దొరికింది. దాని పైన ఒక ప్రశ్న ఉంది, నువ్వు చూసే ఉంటావు. చదువుకునే కాలంలో పిల్లల సంరక్షణ ఎవరిది, పేరు, బంధుత్వం అని. అక్కడ ఆగిపోయాను. ఇన్నాళ్ళూ అమ్మ చూస్తోంది, పక్కింటి వాళ్ళు చూస్తున్నారు, నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి నిద్రపోయే పిల్లని చూస్తున్నాను. అమ్మ పేరు రాయబోయి కలం తీసేశాను. సోమవారం నుంచి దానికి నీళ్ళు నేనే పోస్తున్నాను. జడ కూడా వేస్తున్నాను. పాయలు ఒకటి లావు ఒకటి సన్నం వస్తోంది, బడిపిల్లలు చూసి నవ్వారట. అదే "మా నాన్నేసేడు" అని చెప్పి వచ్చిందట. ఆ ఖాళీలో నా పేరు రాశాను. బంధుత్వం అన్న చోట తండ్రి అని రాశాను. ఆ ముక్క ఇంగ్లీషులో రాయడానికి డిక్షనరీ అక్కరలేకపోయింది.

రేపు సెలవు పెట్టి విశాఖపట్నం పెద్ద పోస్టాఫీసుకే వెళ్ళి ఫారం కాలేజీకి, ఈ ఉత్తరం నీకు రిజిస్టరు చేస్తాను. రైళ్ళు నడిస్తే వారంలో అందాలి. అందకపోతే ఆ తప్పు రైళ్ళది కాదు, ఇరవై అయిదు రోజులు దాచిన నాది. అందుకే బస్సెక్కే ముందు పరదేశి కిటికీ దగ్గర ఆగి నీకూ, మీ ప్రిన్సిపాలుకీ చెరో టెలిగ్రాం ఇస్తాను. ఈ ఉత్తరం కంటే ముందే అందిన దాన్ని చూసి నీ గుండె జారి ఉంటుంది, క్షమించు. అందులో ఉన్నది సంతకం పెట్టాను, ఉండిపో అనే. రమ్మని రాసిన చేత్తోనే అది రాస్తున్నాను. నా మనసు మాత్రం ఇంకా మొదటి కాగితం దగ్గరే ఉంది, అది కూడా దాచను. నువ్వు పెద్ద కుర్చీలో కూర్చుంటే కూర్చో. నా సైకిలు వెనక కూడా ఒక చోటుంది, అది ఎవరికీ ఇవ్వను.

పిల్లని ఈ స్థితిలో వదిలి ఉండలేను, వచ్చేస్తాను అంటే అదీ నీ ఇష్టమే. నేను మాత్రం రమ్మని అనను. రావద్దనీ అనలేను.

ఇందులో ఒక పసుపు పీలిక కనిపిస్తుంది, పారేయకు. ఇప్పుడే చిన్నతల్లి వచ్చి ఏం రాస్తున్నావని అడిగింది. అమ్మకి అన్నాను. ఆస్పత్రిలో తన చేతికి కట్టింది పళ్ళతో విప్పి ఉత్తరం మీద పెట్టింది. నువ్వే ఉంచుకో, అమ్మకి అక్కర్లేదు అన్నాను.

"అమ్మకి కట్టించు నాన్నా. ఆ ఊర్లో తెల్లసీర అమ్మలు శానామందుంటారు గదా. మనమ్మేదో తెలవద్దేటి?" అంది.

ఇట్లు,
నీ మావ,
చిన్నతల్లి తండ్రి,
తాతబ్బాయి.